ఇంట్లో విని కొనమన్న రజియా ఆపా

మొన్న నా ఫోనులో చార్జింగ్ పిన్ను వదులైతే బాగుచేయించడానికి ఒక చిన్న దుకాణానికి వెళ్లాను. అతను ఫోను విప్పి, వేడి మొన తగిలించగానే సోల్డర్ తీగ కరిగి సన్నటి పొగ లేచింది. కాస్త ఘాటుగా, కాస్త తియ్యగా ఉండే ఆ వాసన చాలామందికి పడదు. నా పక్కన నిలబడ్డాయన ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం ఇంకాస్త ముందుకు వంగి పీల్చాను. పాలమూరులో ఎనిమిదేళ్లపాటు మా వంటింట్లోకి రోజూ వచ్చిన వాసన అది. మాకూ పక్కింటికీ మధ్యనున్న గోడ పైకప్పు దాకా లేదు. మా పోపు వాసన రజియా ఆపా ఇంటికి, ఆమె సోల్డర్ వాసన మా ఇంటికి అడగకుండానే వచ్చిపోతుండేవి.

రజియా ఆపాను మీరు చూసి ఉండరు. దారిలో ఎదురైనా గుర్తుపెట్టుకునే మనిషి కాదు. పొట్టిగా ఉండేది, కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు మీదికి జారుతుండేవి, చీర కొంగుకు ఏదో ఒక తీగముక్క చిక్కుకుని ఉండేది. ఆమె తండ్రి నల్గొండలో రేడియోలు బాగుచేసేవాడట. కొడుకులు ఆ పని నేర్చుకోమంటే పారిపోయారు, కూతురు పక్కన కూర్చుని నేర్చుకుంది. పెళ్లయి పాలమూరు వచ్చింది. భర్త తొందరగా పోయాడు. అప్పుడు ముందు గదిలో ఒక బల్ల వేసుకుని తండ్రి పని మొదలుపెట్టింది. బోర్డు లేదు, పేరు లేదు. ఊళ్లో టీవీలు, టేప్‌రికార్డర్లు అమ్మే దుకాణాలవాళ్లు పాడైన సామాను తెచ్చి ఆమెకిచ్చి, బాగయ్యాక తీసుకుపోయేవాళ్లు. కొన్నవాళ్లేమో దుకాణంవాడే మహా పనిమంతుడని అనుకునేవాళ్లు. ఆపాకు ఆ సంగతి తెలుసు, పట్టించుకునేది కాదు.

ఆమె దుకాణాలను ముందు నుంచి కాక వెనక నుంచి చూసిన మనిషి. ఒకసారి నేను బడి నుంచి వచ్చి ఆమె దగ్గర కూర్చున్నాను. కొని పదిహేను రోజులైనా కాని టీవీ ఒకటి బల్ల మీద బోర్లా పడుకుని ఉంది. ఆమె దాన్ని విప్పకముందే వెనక స్క్రూలను ఒక్కొక్కటే దీపం కింద చూసింది.

"చూడు సువర్ణా, కొత్త సెట్టు అంటాండ్రు. స్క్రూకు గీత వడ్డది. నాకంటే ముందు ఎవలో ఇప్పిండ్రు."

"ఏ దుకాణం ఆపా?" అన్నాను.

"పేరు చెప్తే రేపు నాకు పని ఎవలిస్తరు? లెక్కల టీచరువు గదా, నువ్వే తెలుసుకో."

అంత గడుసుది. ఎవరి గురించీ చెడ్డమాట చెప్పేది కాదు, అలాగని ఎవరినీ కాపాడేదీ కాదు.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్పాలి. నాన్న పోయాక నేనూ అమ్మా మాత్రమే ఆ కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మకు సినిమా అంటే ప్రాణం. ఆమె సినిమా చూడటం కంటే మర్నాడు దాన్ని చెప్పడం ఇంకా గొప్పగా ఉండేది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మొదటి నుంచి చివరిదాకా అందరి గొంతులతోనూ చెప్పేది. అత్త గొంతు, కోడలి గొంతు, గుమ్మంలో నిలబడి దగ్గే మామ గొంతు. తొంభైల మొదట్లో ఆమె కళ్లలో నీటికాసులు వచ్చాయన్నారు. హైదరాబాద్ పెద్ద దవాఖానకు తిప్పాను. ఉన్న చూపు నిలుస్తుందేమో గాని పోయింది రాదన్నారు. అదీ నిలవలేదు. రెండేళ్లలో ఆమెకు మిగిలింది వెలుతురుకూ చీకటికీ తేడా ఒక్కటే. ఆదివారం టీవీలో సినిమా వస్తే ఎదురుగా కూర్చునేది గాని సోమవారం కథ చెప్పడం మానేసింది. మా ఇల్లు మూగబోయింది. నాకది భరించరానిదిగా ఉండేది. మా టీవీ గొంతు చిన్నది, పీల. సినిమా హాల్లో వినిపించినట్టు ఇంట్లో వినిపిస్తే అమ్మ మళ్లీ కథ చెబుతుందని నా ఆశ. ఆంప్లిఫయరూ, రెండు పెద్ద స్పీకర్ డబ్బాలూ కొందామని తీర్మానించుకున్నాను.

"మంచి దుకాణం ఏదో చెప్పు ఆపా," అని అడిగాను.

ఆమె తల ఎత్తలేదు. "ఏ దుకాణంల సామాను ఇంటికిచ్చి, విని చూడుమంటరో గదే మంచి దుకాణం."

"గట్ల ఎవరిస్తరు?"

"వెంకటయ్య సేటు ఇస్తడు."

వెంకటయ్య సేటు దుకాణం బస్టాండు రోడ్డులో ఉండేది. ఇస్త్రీపెట్టెలు, టార్చిలైట్లు, ఫ్యాన్లు, ఒక మూలన కొన్ని స్పీకర్ డబ్బాలు, వాటన్నిటి మీదా దుమ్ము. నాకు నవ్వొచ్చింది. "ఆయన దగ్గర దుమ్ము తప్ప ఏం దొరుకుతది ఆపా?"

"దుమ్ము తుడిస్తె పోతది బిడ్డా," అన్నది ఆపా.

మా స్టాఫ్‌రూములో అందరిదీ ఒకటే మాట, టీవీ అయినా మిక్సీ అయినా హైదరాబాద్‌లో కొనాల్సిందే. ఇంట్లో కొత్త వస్తువు గురించి చెప్పేటప్పుడు ఎంత బాగా పనిచేస్తోందో చెప్పకముందే ఎక్కడ కొన్నారో చెప్పేవాళ్లు. నేనూ ఆ తానులో ముక్కనే. రెండేళ్లు దాచుకున్న జీతం పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాను. అద్దాల తలుపు, చల్లటి గాలి, లోపల ఒక చీకటి గది, కాళ్లు దిగబడే తివాచీ, గోడలకు మందపాటి తెరలు. కుర్రవాడొకడు కాఫీ ఇచ్చి నన్ను కూర్చోబెట్టి యుద్ధం సీను పెట్టాడు. గుర్రాలు నా గుండె మీది నుంచే పోయినట్టయింది. ఎంత ముచ్చటపడ్డానో చెప్పలేను. ఇద్దరు మనుషులు మాట్లాడుకునే సీను ఒకటి పెట్టమని అడగాలన్న సంగతి నాకు తట్టనే లేదు. నడుమెత్తు డబ్బాలు రెండు బస్సు మీద కట్టించి, తాడు వదులైందేమోనని జడ్చర్లలో దిగి చూసుకుని మరీ ఇంటికి తెచ్చాను.

ఆపా వచ్చి తీగలు కలిపి, టీవీకి కనెక్షన్ ఇచ్చింది. ఎక్కడ కొన్నావని అడగలేదు. అమ్మ తడుముకుంటూ డబ్బాలకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఆ ఆదివారం మా వంటింటి గూట్లో గిన్నెలు కూడా సినిమాకు తోడుగా మోగాయి. "ఎట్లున్నదమ్మా?" అని అడిగితే, "మంచిగున్నది బిడ్డా, హాల్ల కూసున్నట్టే ఉన్నది," అంది. సినిమా సాగుతున్నంత సేపూ తల ఊపుతూనే ఉంది, నవ్వాల్సిన చోట నవ్వుతూనే ఉంది. నాకు కడుపు నిండిపోయింది. సోమవారం మాత్రం కథ లేదు. రెండో సోమవారమూ లేదు, మూడోదీ లేదు. పెద్దతనం, ఓపిక తగ్గి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

నాలుగో ఆదివారం ఆపా మాతో సినిమాకు కూర్చుంది. ఆమె తెర వైపు చూడలేదు, అమ్మనే చూస్తూ కూర్చుంది. కథలో ఒక కూతురు తల్లితో ఏదో చెప్పి వెళ్లిపోయింది. అమ్మ తల ఊపింది.

"అక్కా, గా పిల్ల గిప్పుడు ఏమన్నది?" అని ఆపా అడిగింది.

"మంచిగనే అన్నది," అంది అమ్మ.

"ఏమన్నదో చెప్పరాదు."

అమ్మ కొంగు చివర మడతలు పెట్టడం మొదలుపెట్టింది. చిన్నగా అంది, "ఏమో రజియా. ఉరుమినట్టు వినవడ్తది గని మాట దొరుకుతలేదు. పిల్ల గంత దూరం పోయి తెచ్చింది. బాగలేదని ఎట్లంట?"

నాకు సిగ్గేసింది. మూడు వారాలు మా అమ్మ నా కోసం నటించింది. పక్కనే కూర్చుని ఆ నటనను చూసి సంతోషించిన దాన్ని నేను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆపా నన్ను ఓదార్చలేదు. లేచి సౌండు తగ్గిస్తూ పోయింది. గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించేదాకా తగ్గించింది.

"మంచి డబ్బా గింత తగ్గిచ్చినా మాట వదలదు. దీన్ల అన్నిటికంటే ముందు మాటనే పోతాంది. పెద్దగ పెడ్తె ఏ డబ్బ అయినా మోగుతది."

స్క్రూడ్రైవర్ తెచ్చి డబ్బా వెనక పలక ఊడదీసింది. ముందు వైపు గుడ్డ వెనక గుండ్రంగా మూడు స్పీకర్లు కనిపించేవి. లోపల చూస్తే రెండింటికే తీగలున్నాయి. మూడోది ఉత్త ప్లాస్టిక్ మూత, చూపు కోసం అతికించింది. ఆపా దాన్ని వేలితో కొట్టి చూపించింది. "మాట పలకాల్సింది గిదే," అంది. తర్వాత మా గదిని చుట్టూ చూసి, "నాపరాళ్లు, ఉత్త గోడలు. గిది గూడ గోల జేస్తది," అని మా ఇంట్లోని పాత బొంత ఒకటి ఎదురు గోడకు వేలాడదీసింది. చప్పుడు కొంచెం తగ్గింది గాని లేని స్పీకరు ఎక్కడి నుంచి పలుకుతుంది?

మర్నాడు బడికి సెలవు పెట్టి, డబ్బాలతో సహా ఇద్దరం హైదరాబాద్ పోయాం. దారి పొడుగునా నేను తిట్లు వరసగా పేర్చుకుంటూనే ఉన్నాను. అదే కుర్రవాడు, నన్ను గుర్తుపట్టలేదు. "వాడిన సామాను వాపస్ తీసుకోం మేడమ్," అన్నాడు. నేను గొంతు పెంచబోతే ఆపా నా మోచెయ్యి పట్టుకుంది.

"జర కూసోవచ్చా బాబూ?" అని అతన్నే అడిగి, కొనేవాళ్ల కోసం వేసిన సోఫాలో కూర్చుంది. బుర్ఖా లోపలి నుంచి స్క్రూడ్రైవర్ తీసి, డబ్బా విప్పి, ఆ ఉత్త మూతను అద్దాల బల్ల మీద పెట్టింది. అంతే, ఇంకేమీ చెయ్యలేదు. కాసేపటికి భార్యాభర్తలెవరో వచ్చారు. ఆవిడ ఆ మూతను చూసి అదేమిటని అడిగింది.

"మాట పలికే స్పీకరంట బిడ్డా. మాది పలుకుతలేదు. మీరు జర లోపల చూసి కొనుండ్రి," అంది ఆపా, బంధువులకు చెప్పినంత నెమ్మదిగా.

వాళ్లు వెళ్లిపోయారు. తర్వాత వచ్చినవాళ్లకూ అదే మాట, అదే గొంతుతో. మూడోసారికి లోపలి గదిలోంచి యజమాని స్వయంగా వచ్చాడు. డబ్బాలు రెండూ తీసుకుని వాటి డబ్బు తిరిగి ఇచ్చాడు. ఇంకో మంచి జత ఇస్తానని కూడా అన్నాడు.

"ఇంటికిస్తవా, విని చూస్తం?" అని ఆపా అడిగింది. ఇంటికివ్వడం కుదరదన్నాడు. "అయితే వద్దు," అని లేచింది. బస్సులో నేను పేర్చుకున్న తిట్లన్నీ అలాగే మిగిలిపోయాయి.

ఆ వారమే వెంకటయ్య సేటు దగ్గరికి పోయాం. ఆయన పేరు రాసుకోలేదు, బయానాగా ముందు డబ్బు అడగలేదు. "తీస్కపోండి. నాలుగు దినాలు వినుండ్రి. నచ్చకుంటె తెచ్చియ్యిండ్రి," అన్నాడు. మొదటి జత అమ్మకు నచ్చలేదు. చెవిలో గుచ్చినట్టున్నాయంది. ఈసారి ఆమె నిజం చెప్పినందుకు నాకు పండగలా అనిపించింది. తిరిగి తీసుకుపోతే సేటు భుజం మీది తువ్వాలతో వాటిని తుడిచి పక్కన పెట్టి, ఇంకో జత తీశాడు. చిన్నవి, బీరువా రంగులో ఉన్నాయి, చూడటానికి ఏ మాత్రం బాగాలేవు. ఆపా వాటి స్క్రూలు చూసి సరేనంది. ఆదివారం సౌండు సగానికి తగ్గించి పెట్టాం. అమ్మ తల ఊపలేదు. నవ్వలేదు. నోరు కొద్దిగా తెరిచి, కదలకుండా వింది. నాకు ఉండబట్టక, "ఎట్లున్నదమ్మా?" అని అడిగాను.

"సువర్ణా, జర సప్పుడు జెయ్యకు. ఆమె కొడుకుతోని ఏదో చెప్తాంది."

మా అమ్మ నన్ను అంతకంటే తియ్యగా ఎప్పుడూ కసురుకోలేదు. సోమవారం బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఆపా వాళ్ల ముందు గదిలో చిక్కుడుకాయల చాట పెట్టుకుని కూర్చుని ఉంది. అత్త గొంతు అయిపోయి కోడలి గొంతు మొదలైంది. ఆపా పని ఆపేసి వింటోంది.

కొన్నేళ్లకు ఆపా కళ్లు కూడా సన్నపనికి సహకరించక నల్గొండలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడే పోయింది. ఆమె వల్ల నేను ఈనాటికీ ఏ వస్తువు కొన్నా ఇంటికిచ్చి చూడమనే దుకాణాన్ని వెతుక్కుంటాను. ఈ రోజుల్లో అలాంటివి దొరకడం కష్టం, దొరికితే మాత్రం వదలను. కానీ నేను ఆమె దగ్గర నేర్చుకున్నది అంతకంటే పెద్దది. అప్పటిదాకా నేను మంచి టీచర్నని నా నమ్మకం. గట్టిగా చెప్పేదాన్ని, పిల్లలందరూ తలలు ఊపేవాళ్లు. అమ్మ కథ చెప్పిన మర్నాడే ఎనిమిదో తరగతిలో సిద్ధాంతం ఒకటి చెప్పి, అందరికంటే బాగా తల ఊపుతున్న అమ్మాయిని లేపి, "ఇప్పుడు నేనేమన్నానో చెప్పు," అన్నాను. ఆ పిల్ల పావడా కుచ్చిళ్లు నలుపుతూ నిలబడింది. నేను కోప్పడలేదు. గొంతు తగ్గించి మళ్లీ చెప్పాను.

వచ్చే ఏడు రిటైరవుతున్నాను. ఇన్నేళ్లలో నా క్లాసులో తల ఊపడం మీద నాకు నమ్మకం పోయింది, పిల్లలకు నా మీద భయం పోయింది. పోయిన వారం చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తి, ఏ బెరుకూ లేకుండా, "సమజ్ కాలే టీచర్," అంది. అర్థం కాలేదని కన్నకూతురి ముందు మా అమ్మ మూడు వారాలు అనలేకపోయిన మాట అది. బోర్డు మొత్తం తుడిచేసి, మొదటి గీత నుంచి మళ్లీ మొదలుపెట్టాను.