ఫ్రిజ్ మీద జపాన్ పాట

ఆ జపాన్ గాయని ఇంగ్లీషులో ఆల్బమ్ చేసిందన్న కబురు మా ఇంటర్నేషనల్ సిటీ ఫ్లాట్‌లో నాకు తప్ప అందరికీ పండగే. అందరూ అంటే మా ఆయన, పదేళ్ల మా అమ్మాయి.

పిల్లకి తెలుగు చదవడం నేర్పాలని చెవినిల్లు కట్టుకుని పోరాను. పుట్టింది ఇక్కడే, ఈ అరబ్బు దేశంలోనే. నేను తెలుగులో ఏదడిగినా జవాబు సగం ఇంగ్లీషులో వస్తుంది. స్కూల్లో అరబిక్, హిందీ ఉన్నాయి, తెలుగు లేదు. అఆలు దిద్దమంటే "వై, మమ్మీ?" అనేది.

కరోనాకి స్కూలు ట్యాబ్‌లోకి వచ్చిన రోజుల్లో ఈ గాయనిని పట్టుకుంది. జపాన్ పాటలు నెట్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో దొరికేవి. అవి చూసి పాడితే పలుకు తేడా కొట్టేది, దాంతో ఏడుపు మొహం పెట్టేది. ఒకసారి నేనే విని, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకుని పాడి చూపించాను. అచ్చు గుద్దినట్టు దిగింది. "మన అక్షరాలు నేర్చుకో, ప్రతి పాటా రాసిపెడతా" అని బేరం పెట్టాను. వేసవి సెలవులయ్యేలోపు గుణింతాలు, ఒత్తులు అన్నీ వచ్చేశాయి. పప్పు ఉడుకుతుంటే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని రాసి ఫ్రిజ్‌కి అతికించేదాన్ని. ఆ పాటల్లో ఒక్క ముక్కకి అర్థం మా ఇద్దరికీ తెలియదు. అయినా అది తెలుగు చదువుతుంటే నాకు కడుపు నిండిపోయేది.

ఇప్పుడు ఈ మహాతల్లికి అమెరికా వాళ్లు, యూరప్ వాళ్లు కావాల్సొచ్చారు. ఆల్బమ్ మొత్తం ఇంగ్లీషే. శుక్రవారం సాయంత్రం నుంచి ఇంట్లో అదే మోత. "ఇంక నువ్వు రాయక్కర్లేదు, మమ్మీ" అంది పిల్ల, నాకేదో సెలవు ఇప్పించినట్టు నవ్వుతూ. అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంత గొంతు పెట్టుకుని సొంత భాషలో పాడుకోడానికి ఆవిడకేం రోగమండీ?" అన్నాను మా ఆయనతో. ఆయన ఒక కంపెనీలో సేల్స్ చూస్తారు.

"మార్కెట్ పెరగాలంటే తప్పదు. మనం మాత్రం ఇక్కడికి తెలుగు పెంచడానికొచ్చామా?" అన్నారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆ కోపమంతా గిన్నెల మీద చూపించాను.

మర్నాడు మధ్యాహ్నం ఫ్రిజ్ మీద పాత పాట పీకేసి కొత్త కాగితం అతికించాను. పాట లేకపోతే పీడాపోయింది, మాటలే రాస్తాననుకున్నాను. రోజూ దాన్ని నేనడిగే మాటే రాశాను: "అన్నం తిన్నావా బంగారం."

పిల్ల నీళ్ల సీసా కోసం వచ్చి ఆగింది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం సాగదీస్తూ, ఒక్క ఒత్తు తప్పకుండా, ఆ గాయని రాగంలోనే చదివింది. "అ... న్నం... తి... న్నా... వా..." నేను గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాను, తిన్నాననో లేదనో అంటుందని. అది రెండోసారి ఇంకాస్త రాగం తీసి పాడింది.

"నైస్ సాంగ్, మమ్మీ. దీనికి ఇంగ్లీష్ వెర్షన్ లేదా?"