రహస్య పేజీలో ముద్ర

పుస్తకాలన్నీ ఇచ్చేయాలని అనుకున్న రోజున నేను భయపడింది ఒక్క పుస్తకం గురించే. మిగిలినవి మూడు గదుల నిండా ఉన్నాయి. అవి ఎవరి ఇంటికి పోయినా నాకు చింత లేదు.

సూళ్లూరుపేటలో బడి లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. చూపు మందగించింది. చిన్న అద్దె ఇంటికి మారాలి. సరస్సుకూ సముద్రానికీ నడుమ ఒక పల్లెలో, చర్చి పక్కన చదువుకునే గది పెట్టారని విని, వచ్చి అన్నీ తీసుకుపొమ్మని కబురు పంపాను.

ఆ ఒక్క పుస్తకం నాది కాదు. నాతోపాటు బడిలో పనిచేసిన ఒక పంతులుగారిది. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. వాళ్ల తాతగారి కాలం నాటి బైబిలు అది. మందపాటి కాగితం, లోతుగా దిగిన అచ్చు. వేలు పెట్టి తడిమితే అక్షరాలు తెలిసేవి. పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య గీతలు గీసిన ఖాళీ పేజీలు ఉండేవి. వాటి మీద ఇంట్లో పుట్టినవాళ్లు, పెళ్లిళ్లు, ఆ తరవాత ప్రభువునందు నిద్రించినవాళ్లు, అంటే పోయినవాళ్లు. ఈస్టరు తెల్లవారుజామున వాళ్లింటి వాళ్లు ఆ పుస్తకాన్ని సమాధుల తోటకు తీసుకువెళ్లి, చివరి జాబితాను మొదటి పేరు నుంచి గట్టిగా చదివేవారు. ఒక్కో పేరుకు ఒక్కో కొవ్వొత్తి. తీరం ఇసుక కదలి కొన్ని సమాధులు ఎప్పుడో కనపడకుండా పోయాయి. ఆ మనుషులకు మిగిలింది ఆ పేజీలో ఒక వరుస మాత్రమే.

కుట్టు ఊడిపోతోందని ఆయన నాకు ఇచ్చాడు. నాకు బైండింగు వచ్చు. వారంలో కుట్టేశాను. కొత్త అట్ట వేశాను. తిరిగి ఇవ్వాల్సిన రోజున, ఆ అచ్చును వదలబుద్ధి కాక ఇవ్వలేదు. ఇంకో వారం ఉంచుకుంటే ఏం పోయింది అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే ఒక మధ్యాహ్నం, ఆయన పేరున్న మొదటి ఆకును బ్లేడుతో కోసేశాను. తరవాత ముద్ర వేశాను.

లైబ్రరీల్లో ఒక పద్ధతి ఉంది. పుస్తకం మొదట్లోనూ చివరా కాక, లోపల ఎక్కడో ఒక రహస్య పేజీలో కూడా ముద్ర వేస్తాం. దొంగ మొదటి ఆకు చించినా, పుస్తకం ఎవరిదో ఆ పేజీ చెబుతుంది. ఇంట్లో నా పుస్తకాలకూ అలాగే వేసేవాణ్ణి, నా పేరు, కింద తేదీ. ఆ రోజు తొందరలో మధ్యకు తెరిచి, ఖాళీ కనబడిన చోట వేసి మూసేశాను. పైన ఏముందో చదవలేదు.

ఆయన అడిగినప్పుడు, "ఇచ్చేసినా గదన్నా, మీ ఇంట్లో బల్ల మీద పెట్టి వచ్చినా" అన్నాను. మతిమరుపు మనిషి. నమ్మాడు. ఇంట్లో ఆయన భార్య మాత్రం ఆయన్ను నమ్మలేదు. తాతల నాటి బైబిలు పోగొట్టినాడని చాలా ఏళ్లు సాధించింది. నేను వాళ్లింట్లో కాఫీ తాగుతూ ఆ మాటలు విన్నాను.

ఆయన పోయిన రోజున ఆమె నాతో అంది, "నిన్న సాయంత్రం కూడా ఎతికినాడబ్బయ్యా. పరుపు కింద చెయ్యి పెట్టి తడమతానే ఉన్నాడు." ఆ తరవాత కొన్నాళ్లకు ఇంకో మాట చెప్పింది. వాళ్లకు మొదట పుట్టిన బిడ్డ ఎనిమిది రోజులకే పోయింది. అప్పుడు ఈమె జ్వరంలో ఒళ్లు తెలియకుండా పడి ఉంది. బిడ్డను పాతిపెట్టి, పేరూ తేదీ బైబిల్లో రాసింది ఆయనే. "మీ అన్న సమాధి రాయి మీద బిడ్డ పేరు గూడా ఏయించాల. తేదీ నాకు తెలీదు, మీ అన్నకూ గుర్తు లేకపోయె. ఆ బుక్కులోనే ఉండాది. ఏ పొద్దు పోయిందో తెలీకుండా రాయి ఎట్టా ఏయిస్తా?"

"వెతుకుదాం వదినా," అన్నాను.

అప్పటికి ఆ పుస్తకం మా చెక్క అలమరలో వెనక వరసలో, వీపు గోడవైపు తిప్పి ఉంది. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడల్లా మా ఇల్లు అదురుతుంది. ముందు కిటికీలో వెలుగు కనబడుతుంది. చప్పుడు కాసేపటికి గానీ రాదు. ఆ రెంటికీ మధ్య ఊరంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. చప్పుడు వచ్చి పోయాక చూస్తే, సరిగ్గా ఆ బైబిలు ముందున్న పుస్తకాలు మాత్రం బెత్తెడు ముందుకు జరిగి ఉండేవి, వెనక నుంచి ఎవరో నెట్టినట్టు. పలక వంగిందేమో అని వడ్రంగి చేత సరిచేయించాను. తరవాతి రాకెట్‌కూ అంతే. నెట్టి లోపల పెట్టేవాణ్ణి. పెట్టేటప్పుడు చేతికి కొంచెం ఎదురు తగిలేది.

పుస్తకాలు తీసుకుపోవడానికి ఆ చదువుకునే గది చూసుకునే ఆయన, ఒక డ్రైవరు చిన్న లారీలో వచ్చారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి, చర్చి పనులు కూడా చూస్తాడు. వదినదీ ఆ పల్లే. నేను ముందే ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాను. బైబిలును ఒక అట్టపెట్టె అడుగున పెట్టేస్తే ఊరు చేరుతుంది, ఎవరో ఒకరు గుర్తుపట్టి ఆమెకు ఇస్తారు. మొదటి ఆకు ఎలాగూ లేదు, పాత పుస్తకాల్లో ఎలాగో కలిసిపోయిందనుకుంటారు. రహస్య పేజీ సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు. అడుగున పెట్టి, పైన బరువైన నిఘంటువులు సర్ది, తాడు కట్టాను.

ఆ మధ్యాహ్నమే రాకెట్ ఉంది. చూసొస్తామని ఇద్దరూ మిద్దె ఎక్కారు. ఖాళీ అయిన గదిలో నేనొక్కణ్ణే. గోడల మీద పుస్తకాలున్న మేర తెల్లగా మచ్చలు. కిటికీలో వెలుగు వచ్చింది. చప్పుడు కోసం క్షణాలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. చప్పుడు వచ్చేసరికి ఖాళీ అలమరలన్నీ ఒక్కసారి మోగాయి, చాలామంది చెక్కల మీద నడుస్తున్నట్టు, గదిలోకి వస్తున్నట్టు. ఒకదాని మీద ఒకటి పేర్చిన పెట్టెలు ఒరిగి పడ్డాయి. తాడు తెగింది. నిఘంటువులు పక్కకు దొర్లాయి. వాటి మధ్య బైబిలు నిండుగా తెరుచుకుని పడి ఉంది.

నేను దగ్గరకు పోలేదు. మిద్దె దిగి వచ్చిన ఆయనే వంగి దాన్ని ఎత్తాడు. చదివాడు.

"సార్, ఇది మీ పేరే గదా?"

"నాదే."

"ఏంది సార్, నిద్రించినోళ్ల లిస్టులో ఉండారే మీరు!" నవ్వబోయాడు. పై వరసలు చదివేసరికి నవ్వు ఆగిపోయింది. "వీళ్లు మా చర్చోళ్లు సార్. ఆయమ్మ ఈ బుక్కు కోసరమే గదా..." నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "నేను ఇస్తాలే సార్. యాడో దొరికిందని చెప్తా."

ఆ మాట కోసమే నేను ఆ ఉపాయమంతా పన్నాను. కానీ తెరిచి ఉన్న ఆ పేజీ ముందు నిలబడి సరేననలేకపోయాను. "వద్దు. నేనే వస్తా," అన్నాను.

లారీలో ముందు సీటులో బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

వదినకు కళ్లలో పొరలు కమ్మి చూపు ఆనదు. పుస్తకం చేతికి ఇస్తే అట్ట తడిమింది, వీపు తడిమింది, కుట్టు మీద వేలు నడిపింది. ఏ పుస్తకమో నేను చెప్పనక్కర్లేకపోయింది.

"కుట్టు గట్టిగానే ఏసినావు. ఇన్నేళ్లు పట్టిందా అబ్బయ్యా కుట్టేదానికి?"

జరిగిందంతా చెప్పాను. ఆకు కోసింది కూడా చెప్పాను. ఆమె అరవలేదు. తలుపు వైపు తిరిగింది. "నేనాయన్ని ఎన్ని మాటలన్నానో నీకు తెలుసు. నువ్వు వింటానే ఉంటివి," అంది. తరవాత, "చదువు," అంది.

చదివాను. నాలుగో వరసలో బిడ్డ పేరు, తేదీ. ఆమె ఆ తేదీని రెండుసార్లు పలికింది. "మంచి ఎండాకాలం. అందుకేనేమో, ఆ జొరంలో ఒళ్లు కాలిపోయింది," అంది తనలో తాను. "ఆ తర్వాత?"

ఇంకో మూడు పేర్లు చదివి ఆగాను.

"ఇంకేం లేదా?"

"నా ముద్ర ఉంది వదినా. నా పేరు, నేను దొంగిలించిన రోజు తేదీ. చూడకుండా వేశాను. కొట్టేస్తా."

"ఆ పేజీలో కొట్టేసేది లేదు. మా మామ ఒకరి పేరు తప్పు రాసినా అట్నే ఉంచినారు. పడిన పేరు పడిందే." చెయ్యి చాపి కలం తెమ్మంది. "కింద మీ అన్న పేరు రాయి."

నా పేరు కింద ఆయన పేరు రాశాను.

ఈస్టరుకు రమ్మని ఆమె పిలవలేదు, వద్దనీ అనలేదు. వెళ్లాను. సమాధుల తోటలో అందరికంటే వెనక నిలబడ్డాను. తూర్పున సముద్రం మీద ఎరుపు మొదలవుతోంది. భర్తదీ బిడ్డదీ పేర్లున్న కొత్త రాయి ముందు వరసలో ఉంది. ఆమెకు చూపు లేదు గనక పేర్లు చదివింది ఆ చర్చి ఆయనే. ఆమె మాత్రం ఒక్కో కొవ్వొత్తీ తానే వెలిగించి పెట్టింది. సమాధి కనబడకుండా పోయిన వాళ్లకు ఉత్త ఇసుకలోనే గుచ్చింది.

నా పేరు వచ్చింది. ఆయన ఆగలేదు, గొంతు మార్చలేదు. మిగిలిన పేర్లు ఎలా చదివాడో అలాగే చదివాడు. ఎవరూ నా వైపు తిరగలేదు. ఆమె ఒక కొవ్వొత్తి వెలిగించుకుని, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, రాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చింది. పొరలు కమ్మిన కళ్లతో నేనున్న చోటు ఎలా తెలిసిందో నాకు తెలియదు. వంగి, నా కాళ్ల దగ్గర ఇసుకలో గుచ్చింది.

నేను పక్కకు జరగబోయాను.

"కదలబాక. ఆరిందాకా ఉండు," అంది.

వెనక్కి పోయి భర్త రాయి ముందు చివరి కొవ్వొత్తి పెట్టింది. ప్రార్థన అయింది. జనం వెళ్లిపోయారు. పొద్దెక్కింది. సముద్రం గాలికి తోటలో ఒక్కొక్క కొవ్వొత్తీ ఆరిపోయింది, అన్నదీ, బిడ్డదీ. నా కాళ్ల దగ్గరిది వెలుగుతూనే ఉంది.