ఒక పొర తక్కువ

డిసెంబర్‌లో ఒక ఉదయం, ఏడు గంటల బ్యాచ్. యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేటకి బైక్ మీద వచ్చాను, గ్లౌజులు లేకుండా. హైదరాబాద్ చలికి గ్లౌజులేమిటని నా ధీమా. బోర్డు మీద మొదటి లైను రాస్తుండగానే మార్కర్ చేతిలోంచి జారిపోయింది. తీసి మళ్ళీ రాశాను. మళ్ళీ జారింది. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి, "సార్, మీ వేళ్ళకి వైట్‌నర్ అంటింది" అంది.

చూసుకున్నాను. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు రెండో కణుపు దాకా మైనంలా తెల్లబడ్డాయి. గీత గీసినట్టు అక్కడే రంగు ఆగిపోయింది. గోకితే పోలేదు. గోకినట్టు తెలియనూ లేదు. కాసేపటికి నీలమయ్యాయి, ఆ తర్వాత ఎర్రబడి మంటపెట్టాయి. నేను పిల్లలకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పుతాను. తప్పులు పట్టడమే నా బతుకుతెరువు. నా ఒంట్లో తప్పు మాత్రం స్టూడెంట్ పట్టుకుంది.

నా భయం వేళ్ళ గురించి కాదు, జూన్ గురించి. నేనూ, పంజాగుట్టలో బ్యాగులు కుట్టే సాజిద్ భాయ్, మూడేళ్ళుగా ఒకటే కల కంటున్నాం: మనాలి నుంచి లేహ్, బైకుల మీద.

మంచుకొండలకి బైక్ మీద వెళ్ళేవాళ్ళు రెండు రకాలు. ఇల్లు మోసుకెళ్ళేవాళ్ళు, ఒళ్ళు కాచుకునేవాళ్ళు. సాజిద్ మొదటి రకం. తోలు జాకెట్, రెండు జీన్సులు, డజను కాటన్ బనియన్లు, పైన వాళ్ళమ్మ రజాయి. నేను రెండో రకం. ఒంటికి ఆనుకుని పలచని ఉన్ని బనియన్, దాని మీద మెత్తని నూగు బట్టతో కుట్టిన ఫ్లీస్, ఆ పైన గాలినీ వాననీ ఆపే జాకెట్. కాటన్ నిషేధం, చెమటకి తడిస్తే చలిలో ఆరదు. బాతు ఈకల బూరు నింపిన జాకెట్ నొక్కితే చెంబంత అవుతుంది. చేతులకీ అంతే, లోపల సన్నని ఉన్ని గ్లౌజులు, పైన మందపువి. అంతా కలిపి ఆరు కిలోలు. అమీర్‌పేట ఎండలో, ఫ్యాన్ కింద కూర్చుని సాధించిన చలి శాస్త్రం ఇది.

"గింతేనా?" అన్నాడు సాజిద్ నా బ్యాగు ఎత్తి చూసి. "నువ్వు లేహ్ వోతున్నవా, లైబ్రరీకి వోతున్నవా?"

మా వీధి డాక్టరు వేళ్ళు చూసి, సోమాజిగూడలో ఒక ఆసుపత్రికి పంపాడు. రుమటాలజిస్ట్ అంటే కీళ్ళ డాక్టరు కదా అనుకుంటే ఆవిడ నా గోళ్ళు చూసింది. గోరు మొదట్లో నూనెచుక్క వేసి లెన్స్‌తో సన్నని రక్తనాళాలు చూడటాన్ని క్యాపిల్లరోస్కోపీ అంటారట. తర్వాత, ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటిమీదే తిరగబడుతోందేమో చూడటానికి రక్తం తీశారు. రెండు రోజులకి ల్యాబ్ అతను ఫోన్లో "అన్నా, ఏఎన్ఏ పాజిటివ్" అన్నాడు. పాజిటివ్ అంటే మంచిదే అనుకుని థాంక్స్ చెప్పాను.

డాక్టర్ గారు నింపాదిగా చెప్పారు. "ఇది రేనాడ్స్ అండీ. చలి తగిలితే వేళ్ళకి వెళ్ళే రక్తనాళాలు బిగుసుకుపోతాయి. చాలామందికి ఊరికే వస్తుంది. మీది సెకండరీ అనిపిస్తోంది, అంటే వెనకాల ఇంకో జబ్బు మొదలవుతూ ఉండొచ్చు. లంగ్స్, హార్ట్ ఇప్పటికి బానే ఉన్నాయి. ఏటా చూపించుకోండి. కడుపులో మంట ఉంటుందా?"

"లేదు మేడం." అప్పటికి లేదు.

"జూన్‌లో లేహ్ ప్లాన్ ఉంది మేడం…"

"ఈ ఏడు వద్దండీ. చలీ, గంటల తరబడి హ్యాండిల్ వైబ్రేషనూ, రెండూ మీకు పడవు. పుండు పడిందంటే వేలి కొసే పోవచ్చు."

రక్తనాళాలు వదులు కావడానికి నైఫెడిపిన్ రాశారు. మొదటి వారం తలనొప్పి, రెండో వారం పాదాల వాపు. వేళ్ళకి పంపిన రక్తం దారి తప్పి కాళ్ళకి చేరిందేమో అనుకున్నాను.

విషయం చెబితే సాజిద్, "నువ్వు రాకుంటే నేను సుత పోను" అన్నాడు. నేను త్యాగమూర్తిలా "నువ్వు పో భాయ్. నా బ్యాగు తీస్కపో, ఇద్దరిదీ ఒకటే సైజు గదా" అన్నాను. జూన్ రాగానే అతని దుకాణంలోనే సర్దాను. బ్యాగు మూత లోపల లిస్టు అతికించి ఒక్కొక్కటీ పెడుతూ టిక్ కొట్టాను. ఇంతలో సాజిద్ నా జాకెట్ వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. నాకంటే అతనికే బాగుంది.

లిస్టులో చివరిది లోపలి గ్లౌజులు. టిక్ కొట్టాను. గ్లౌజులు నా ప్యాంటు జేబులోకి వెళ్ళాయి. ఇన్ని పొరల్లో ఒక్క పొర. పొరపాటున కాదు.

వారం తర్వాత ఫొటోలు మొదలయ్యాయి. నా జాకెట్, వెనక మంచు. నా టోపీ, వెనక నది. అందరూ అతని ఫొటోలకి గుండె బొమ్మలు పెడుతుంటే నాకు కడుపులో మంట మొదలైంది. డాక్టర్ గారు అడిగిన మంట ఇది కాదని తెలుసు. దీనికి ఏ సిరప్పూ లేదు. వేళ్ళు చల్లగా, కడుపు మంటగా, ఒకే ఒంట్లో రెండు సీజన్లు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంకో ఫొటో వచ్చింది. 'రేపు పెద్ద కనుమ దాటుడు' అని రాశాడు, దారి మొత్తంలో అన్నిటికంటే ఎత్తైన కొండ సందు అది. పాదాల వాపు వంకతో అప్పటికి నాలుగు రోజులుగా నేను మాత్ర మానేసి ఉన్నాను. దాచిన గ్లౌజులు తీసి తొడుక్కుని, ఫ్రిజ్ పైఅరలో ఐసు ట్రే పట్టుకుని నిలబడ్డాను. అతను తట్టుకుంటే నేనెందుకు తట్టుకోలేనని.

వెనక మా ఆవిడ స్వరూప గొంతు. "ఫ్రిజ్జుల చెయ్యి వెట్టి ఏం జేస్తున్నరు?"

"టెస్టింగ్."

"మంచిగున్నది. ఫెయిలైతే వేలు కొత్తది ఇన్‌స్టాల్ జేస్తరా?"

ఫెయిలైంది. వేళ్ళు ఎంతకీ రంగు తిరగలేదు. కొన్నాళ్ళకి చూపుడువేలి కొసన చిన్న పుండు. బియ్యపుగింజంతే, కానీ కీబోర్డు మీద వేలు ఆనితే ప్రాణం పోయేది. డాక్టర్ గారు చూసి "డిజిటల్ అల్సర్, అంటే వేలి పుండు" అన్నారు. అమీర్‌పేటలో బతికేవాడికి పుండు కూడా డిజిటలే.

ఎలా జరిగిందని అడిగితే నేను ఏసీ మీదకి తోశాను. స్వరూప ఫ్రిజ్ సంగతి మొత్తం చెప్పేసింది. డాక్టర్ గారు కళ్ళద్దాలు తీసి, "ఏంటండీ ఇది? చదువు చెప్పేవారు కదా మీరు! మాత్ర మానకండి. రోజూ డ్రెస్సింగ్ చేయించుకోండి. కుళ్ళకుండా చూసుకోవాలి, అదే ముఖ్యం" అన్నారు. ఆవిడ వేలి గురించే అన్నారు. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

కొత్తగా సిల్డెనాఫిల్ రాశారు, వయాగ్రాలో ఉండే మందే. మందుల షాపాయన చీటీ చూసి, నన్ను చూసి, మళ్ళీ చీటీ చూశాడు. "వేలికి" అన్నాను. "అట్లనే అంటరు సార్" అన్నాడు.

పుండు ఇంకా మానకముందే సాజిద్ తిరిగొచ్చాడు. బ్యాగు నా ముందు పెట్టి, కూర్చోకుండానే జేబులోంచి ఒక కాయితం పొట్లం తీశాడు.

"మాఫ్ జెయ్ భాయ్. నీ లోపలి గ్లౌజులు నేనేడనో పడగొట్టిన. లిస్టుల టిక్ ఉన్నది, బ్యాగుల లెవ్వు. మస్తు ఢూండిన. కనుమ కాడ వేళ్ళు పనిజెయ్యలే, క్లచ్ పట్టుకుంటే దొర్కలే. ఛాయ్ డేరాల ఒక పెద్దమ్మ చేతులు పొయ్యి కాడ వెట్టించింది. ఆ దినం ఎనకకు మళ్ళిన. కింద ఊర్ల గివి దొరికినయ్. నాకొక జోడు, నీకొక జోడు."

పొట్లంలో బూడిదరంగు ఉన్ని గ్లౌజులు, నా సైజే.

బీరువాలోంచి నావి తెచ్చి బల్ల మీద పెట్టాను. "నువ్వు పడగొట్టలే. నేనే వెట్టలే."

సాజిద్ గ్లౌజుల్ని చూశాడు, నా వేలికున్న కట్టు చూశాడు. "అంటే నా వేళ్ళు సుత గిట్ల కావాల్నని దువా జేసినవా?"

"దువా జెయ్యలే భాయ్. ఓర్వలేకపోయిన."

అతను నవ్వలేదు. ఛాయ్ తెచ్చిన స్వరూపతో, "భాభీ, కట్టు వేలుకు గాదు, గీనె దిల్‌కు కట్టున్రి" అని, ఛాయ్ ముట్టకుండా వెళ్ళిపోయాడు.

పన్నెండు రోజులు ఫోన్ లేదు. పుండు మానుతోంది, మా మధ్య పడ్డది మాత్రం మానలేదు. పంజాగుట్ట మీదుగా వెళ్ళాల్సి వస్తే దుకాణం వైపు చూడకుండా పోయేవాణ్ణి. పదమూడో రోజు ఉదయం బ్యాచ్ వదిలి కిందికి వస్తే నా బైక్ దగ్గర సాజిద్ వంగి ఏదో బిగిస్తున్నాడు. హ్యాండిల్ రెండు పక్కలా రెక్సిన్ తొడుగులు, లోపల ఫ్లీస్. చేతులు దూర్చి నడిపితే గాలి తగలదు.

"నీకు పంజాగుట్ట చౌరస్తా సుత లేహే ఇగ" అన్నాడు తలెత్తకుండా. "ఆడ కొనుకున్న నా ఫ్లీస్ కోసి కుట్టిన. నువ్వొక పొర దీసినవ్, నేనొక పొర వెట్టిన. బరాబర్."

రెండేళ్ళయింది. వేలి కొసన చిన్న గుంట మిగిలింది. మాత్రలు వేసుకుంటున్నాను, ఏటా పరీక్షలు చేయించుకుంటున్నాను. క్లాసులో ఏసీ ఇరవై ఆరు దాటి దిగనివ్వను, పిల్లలు చెమటలు కక్కుతూ టెస్టింగ్ నేర్చుకుంటారు. ఈ జూన్‌లో సాజిద్ మళ్ళీ వెళ్తున్నాడు, నా బ్యాగుతోనే. సర్దేది నేనే. టిక్ కొట్టేది మాత్రం అతను, వస్తువు చేత్తో తడిమి చూశాక. నాకు కుళ్ళు తగ్గిందని చెప్పను. రోజూ డ్రెస్సింగ్ చేసుకుంటున్నాను.

ఈ జబ్బున్నవారికి ఒక్క మాట. చలేశాక గ్లౌజులు వేసుకోవడం కాదు, వేసుకున్నాకే గడప దాటండి. వెచ్చని వేలు చల్లబడకుండా కాపాడటం తేలిక, చల్లబడ్డదాన్ని వెనక్కి తేవడం కష్టం. ఆ పన్నెండు రోజుల్లో నాకు తెలిసిందీ అదే.