ఈ వారం కదిరప్పగారిని ముంచిన స్వామి

మా అపార్ట్‌మెంట్‌లో మోసపోవడమంటే కదిరప్పగారే మోసపోవాలి. అది ఆయన సొంత హక్కు. ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ తిరిగే దొంగ స్వాముల్లో ఆయన్ని ఇంకా ముంచనివాడు ఎవడైనా ఉంటే, వాడు ఆ వృత్తికి కొత్త అని అర్థం. మామూలు మనిషి మోసపోతే తలుపేసుకుని కూర్చుంటాడు. ఈయన మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కిందికి దిగి, కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంటాడు.

చిక్‌పేటలో జీవితమంతా చీరలమ్మిన మనిషి. కొట్టు అమ్మేసి, మారతహళ్ళిలో మా కింది అంతస్తులో ఫ్లాట్ కొనుక్కున్నాడు. పిల్లల్లేరు. ఇంట్లో ఆయనా, భార్య అనసూయమ్మా. కొట్టు పోయినా చీర విప్పి చూపించే అలవాటు పోలేదు కాబట్టి, తనకి జరిగిన మోసాన్ని కూడా అంచు నుంచి కొంగు దాకా పరిచి చూపిస్తాడు.

నేను మొదటిసారి లిఫ్ట్‌లో దొరికిపోయాను.

"ఏమప్పా శ్రీకాంత్, నన్ను ముంచేసినారప్పా!" అన్నాడు, లాటరీ తగిలినంత సంబరంగా.

"ఎవరండీ?"

"హిమాలయం సామి. ఎవరో పెద్ద సామి ఫోటో పెట్టుకోని మెసేజ్ పెట్టినాడు. 'నాయనా, ధ్యానంలో నీ మొగం కనపడింది' అనె."

"మీ మొహమా?"

"నా మొగమే! అద్దంలో నాకే సరిగ్గా కనపడదు, ఆయప్పకి హిమాలయంలో కనపడిందంట. ఇంకేముంది, కరిగిపోతిని."

తన అంతస్తు దాటిపోయి మా అంతస్తు వచ్చింది. నేను దిగినా ఆయన వదల్లేదు. లిఫ్ట్ తలుపుకి కాలు అడ్డం పెట్టి, "గుర్తు పెట్టుకో. మనం పిలవకుండా తానే మెసేజ్ పెట్టే సామి, సామి కాదప్పా" అన్నాడు. తలుపు వచ్చి కాలికి కొట్టుకుంటూనే ఉంది. ఆయనకి పట్టలేదు.

ఆ తర్వాత ఒకసారి కూరగాయల బండి దగ్గర టారో కార్డుల కథ. ఎవరో పేరున్న టారో అమ్మాయి పేరూ ఫోటో ఎత్తుకొచ్చిన దొంగ ఒకడు ఈయనకి జోస్యం చెప్పాడట.

"నా బాయ్‌ఫ్రెండు వారంలో తిరిగొస్తాడు అనె."

బీన్స్ ఏరుతున్న నా చెయ్యి ఆగిపోయింది. "మీ బాయ్‌ఫ్రెండా?"

"నేనూ అదే అనుకుంటి, నాకెవరుండారబ్బా అని. అయినా ఈ పొద్దే డబ్బు పంపకపోతే యోగం దాటిపోతాదని తొందరపెట్టె. పంపేస్తిని. తొందరపెట్టే సామి సామి కాదప్పా!"

బండివాడు నవ్వాపుకోలేక తూకం తప్పాడు. నేను ఇంటికొచ్చి మా ఆవిడ వర్షిణికి చెప్పి పొట్ట పట్టుకున్నాను.

కదిరప్పగారి మీద అందరికంటే ఎక్కువ జోకులేసేది మా అసోసియేషన్ సెక్రటరీ భుజంగరావుగారు. ఆడిటర్‌గా రిటైరైన విజయవాడ మనిషి. "ఏవండీ కదిరప్పగారూ, ఈ వారం ఏ స్వామండీ?" అని అడగందే ఆయనకి మీటింగు మొదలుకాదు. ఏకముఖి రుద్రాక్ష తెప్పించుకుని నీళ్లలో వేస్తే రంగు దిగిన కథకి ఆయన నవ్విన నవ్వు పార్కింగు మొత్తం వినపడింది.

ఇలా ఉండగా మా ఇంట్లో నవ్వు ఆగిపోయింది. వర్షిణి సరిగ్గా తినడం లేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతోంది. నాలుగేళ్ల మా శ్రుతిని జలుబని ఒకసారి, ఎండని ఒకసారి స్కూలు మాన్పిస్తోంది. "ఏమైంది?" అంటే "ఏం లేదు" అంటుంది. ఆఫీసులో ఏదో గొడవ అనుకుని ఊరుకుందామన్నా ఊరుకోలేకపోయాను. నాకు నిజంగానే భయమేసింది.

ఆ ఆదివారం పార్కింగులో మీటింగు. వర్షిణిని బలవంతాన కిందికి తీసుకొచ్చాను. భుజంగరావుగారు మామూలు ప్రశ్న వేశారు.

కదిరప్పగారు లేచారు. "ఈసారి ఘోరంగా మోసపోయినానప్పా! యోగా నేర్పే గురువు ఒకాయప్ప ఉండాడు, మంచోడు. తానుగా ఎవరికీ మెసేజ్ పెట్టడు. ఆయప్ప ఫోటో పెట్టుకోని ఎవడో దొంగ నాతో మాట కలిపినాడు. 'మీ పాపకి గండం ఉండాది, బడికి పంపొద్దు. పూజ మొదలుపెట్టేసినా. మధ్యలో డబ్బు ఆపితే పాపకే చుట్టుకుంటాది. ఎవరికీ చెప్పొద్దు' అనె."

"మీకు పాప ఎక్కడుందండీ?" అన్నారు భుజంగరావుగారు.

"లేదు గదా! లేని పాపకి గండమంటే గడగడా వణికినా. నాకంటే తిక్కలోడు ఉండాడా?"

కుర్చీలు కదిలిపోయేలా నవ్వారు అందరూ.

"అనసూయ ఊరుకుంటాదా? 'దిష్టి పాపకి కాదు, ఫోనుకి తీయాల' అనె. ఉప్పూ మిరపకాయలూ ఫోను చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసె. ఆ ఘాటుకి నేను దగ్గితి, అనసూయ దగ్గె, కింద వాచ్‌మన్ దగ్గె. అప్పుడే సామికి ఫోన్ కొట్టి, 'సామీ, మా ఇంట్లో ఇప్పుడేం జరగతా ఉండాదో దివ్యదృష్టితో చూసి చెప్పు' అంటిని. వాడు కండ్లు మూసుకున్నాడు కాబోలు, కొంచెంసేపు ఆగి, 'నాయనా, మీ ఇల్లంతా మల్లెపూల వాసన' అనె!"

నా పక్కన ఎవరో ఫక్కున నవ్వారు. తిరిగి చూస్తే వర్షిణి. మొహం చేతుల్లో దాచుకుని, భుజాలు ఎగిరేలా నవ్వుతోంది. చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో తను లేచి నిలబడింది.

"ఆ పాప మా శ్రుతి. వాడికి డబ్బు పంపింది అంకుల్ కాదు, నేను" అంది.

కదిరప్పగారు చేతులు అడ్డంగా ఊపుతూ, "లేదమ్మా, నేనే మోసపోయినా" అంటున్నారు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను మెల్లగా.

"ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబితే నవ్వుతారని నాకూ భయమే. అంకులైతే వారం వారం మోసపోయే మనిషి కదా, నన్ను చూసి నవ్వరని ఆయనకి చెప్పాను." నా చెయ్యి పట్టుకుంది. "ఇక పైసా పంపను. రేపు పోలీసులకి ఫిర్యాదు ఇద్దాం."

వెనక వరసలోంచి మూడో అంతస్తు నవ్య చెయ్యెత్తింది. "ఆ బాయ్‌ఫ్రెండ్ కథ... నాది."

"ధ్యానంలో కనపడిన మొగం నాదే సార్" అన్నాడు మంజునాథ్, పక్కనే లిఫ్ట్ బాగుచేస్తున్న మనిషి.

భుజంగరావుగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ఇది మినిట్స్‌లో రాయక్కర్లేదు గానీ, ఆ రుద్రాక్ష నాదండీ" అన్నారు.

ఆ తర్వాత మీటింగు సాగలేదు. అనసూయమ్మ కాఫీ గ్లాసులు అందిస్తూ, "ఈయనకి ఇన్‌స్టాగ్రాము యాడుండాదమ్మా? వాట్సాప్ తెరవాలన్నా నన్ను కేకేస్తాడు" అని గుట్టంతా విప్పేసింది. ఎవరికీ చెప్పొద్దనే మాట మీదే దొంగల బతుకంతా ఉందని, అందుకే అందరికీ చెబుతానని ఆయన అనేవాడట. ఎవరి పేరూ బయటపడకూడదు కాబట్టి మోసపోయిందంతా తానే అయ్యాడు. ఇంత మంచి మనిషి మా కింది అంతస్తులో ఉన్నందుకు నాకు గర్వమేసింది.

సోమవారం పొద్దున శ్రుతి స్కూలు బ్యాగు తగిలించుకుని ముందు పరుగెత్తింది. కింద కదిరప్పగారు నలిగిన చొక్కాతో, దిగాలుగా నిలబడి ఉన్నారు.

"ఏమమ్మా, నా మోసాలన్నీ ఎవరివి వాళ్లు తీసేసుకుంటిరి. ఇంక నేను దేనికి?"

"అలా అనకండి అంకుల్" అంది వర్షిణి. "మా ఆఫీసులో ఒకమ్మాయికి ఎవరో మాతాజీ మెసేజులు పెడుతోందట. నిన్న ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఎవరికీ చెప్పుకోలేకపోతోంది. సాయంత్రం మీ దగ్గరికి తీసుకురానా?"

కదిరప్పగారి మొహం వెలిగిపోయింది. గబగబా మెట్లెక్కుతూ, పైనున్నవాళ్లందరికీ వినపడేలా కేకేశారు.

"అనసూయా! నా చొక్కా ఇస్త్రీ చేయించు, మళ్లీ మోసపోయినా!"