చల్లపల్లి చర్చిలో నా సాక్ష్యం

ముందే చెప్పేస్తున్నాను. నా నోట్లో పడితే పంటబోదె కృష్ణానది అవుతుంది. కాబట్టి ఇందులో ప్రతి అంకెనూ పదితో భాగించి చదువుకోండి. సిగ్గును మాత్రం భాగించనక్కర్లేదు.

డెబ్భైల్లో ఒక ఏడాది సినిమా పాటల జాతీయ పురస్కారాల్లో ఉత్తమ గాయకుడి బహుమతి మా చల్లపల్లి కుర్రాడికి వచ్చింది. ఢిల్లీ సభలో అతను పాడుతుంటే వెనక వాద్యబృందంలో నేనూ ఉన్నాను. నేను వాయించింది గిలక్కాయల్లాంటి రెండు కాయలు. అవి లేకపోతే ఆ పాట కుప్పకూలేదని ఇప్పటికీ నా అభిప్రాయం. ఉత్తమ గాయని నాలుగు బిందెల కన్నీళ్లు కార్చింది. ఉత్తమ సంగీత దర్శకుడు రెండు రోజుల పాటు మైకు వదల్లేదు. మా వాడు మాత్రం నిర్మాతకూ, తన గొంతు బాగుచేసిన డాక్టరుకూ కృతజ్ఞతలు చెప్పి దిగిపోయాడు.

బెజవాడలో రైలు దిగి, బస్సెక్కి, అతనికి సంగీతం నేర్పిన మాస్టారింటికి వెళ్లాను. ఆయన చల్లపల్లి చర్చిలో హార్మోనియం వాయించేవారు. నేను చెప్పులు విప్పకముందే అడిగారు.

"నా మాటేమన్నా వచ్చిందా బాబూ?"

రాలేదు. ఆ ముక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"రాకపోవడమేంటండీ. గురుదేవుల పాదపద్మాలకు నమస్కారం అన్నాడు. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారండీ."

మాస్టారు నావైపు చూశారు. "పాదపద్మాలా? వాడికి మాస్టారనడానికే నోరు తిరిగేది కాదు. మేష్టారనేవాడు."

"ఢిల్లీ కదండీ, మర్యాద నేర్చాడు."

లోపల్నుంచి ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "నే చెప్పలా? ఉత్తరం ముక్క రాయకపోతే మాత్రం, పిల్లోడు మర్చిపోతాడా అని. ఊరికే బెంగపెట్టుకుని చిక్కిపోయారు."

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. పాస్టరుగారు నాకు కబురు పెట్టారు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాలట. మేలు పొందినవాళ్లూ, దాన్ని కళ్లారా చూసినవాళ్లూ దేవుడి ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పడాన్ని వాళ్లు సాక్ష్యం అంటారు. నాకు తెలిసిన సాక్ష్యం బెజవాడ కోర్టుది. అక్కడ నాలాంటి వాళ్లకు మంచి గిరాకీ.

ఆదివారం నన్ను పిలవగానే, హార్మోనియం ముందు కూర్చున్న మాస్టారు నాకు మాత్రమే వినబడేట్టు అన్నారు.

"ఇంట్లో చెప్పింది ఇంట్లోదే బాబూ. ఇక్కడ జరిగిందే చెప్పు. నాకేం కాదులే."

నేను లేచి నిజం చెప్పాను. "అతను మాస్టారి పేరు ఎత్తలేదండీ, నేనే కల్పించాను," అన్నాను. పదివేలమందిలో ఒక్కరూ నన్ను తప్పుబట్టలేదు. మాస్టారు నెమ్మదిగా తలాడించారు.

ఇందులో కల్పన ఎక్కడుందో ఇప్పుడు ఒప్పుకోవాలి. అంకెలకేం, అవి ఎలాగూ మీకు తెలుసు. నేను పూర్తిగా కల్పించింది పై పేరాలోని నాలుగు వాక్యాలు.

నేను లేచేసరికి ముందు వరసలో మాస్టారి భార్య తలమీద కొంగు కప్పుకుని నా నోటివంకే చూస్తున్నారు. పాదపద్మాలు మళ్లీ వచ్చేశాయి. ఈసారి మంత్రిగారొక్కరే కాదు, ఢిల్లీ సభంతా ఏడ్చిందన్నాను. నేనింకా చెబుతూనే ఉన్నాను, మాస్టారు హార్మోనియం తిత్తి లాగి పాట ఎత్తుకున్నారు. అందరూ లేచి నిలబడి పాడారు. నా గొంతు వాళ్ల గొంతుల కింద పూర్తిగా మునిగేదాకా ఆయన నావైపు తల తిప్పలేదు. ఆ తర్వాతా తిప్పలేదు.