బోరు కన్నా ముందు పొట్టేలు

మా చిన్నప్పుడు బద్వేల్లో మేం అద్దెకున్న ఇంట్లో కొళాయి ఉండేది... దానికి తాళం కూడా ఉండేది! తాళంచెవి ఇంటి ఓనరు సుబ్బమ్మత్త కొంగున. లెక్క ప్రకారమే బిందెలు. ఒక్క బిందె ఎక్కువ పెడితే "మీ నాయన కట్టే బాడుగ నీళ్లకు గాదు పాపా" అనేది నాతో... అమ్మకు వినపడేటట్టు.

అందుకే అమ్మకు సొంతిల్లంటే మిద్దెలూ మేడలూ కాదు. ఎవురినీ అడక్కుండా బిందెడు నీళ్లు పట్టుకోవడం. అంతే.

నాయన చీటీ పాడి, అమ్మ గాజులు అమ్మి, ఊరి చివర రెండు గదుల ఇల్లు కొన్నాడు. ఇంటి ధర ఒక్కటే లెక్కేసుకున్నాడు మహానుభావుడు! రిజిస్ట్రేషనూ, దస్తావేజు రాసినాయన కూలీ, కరెంటు మీటరూ... ఒక్కోటీ వచ్చి మీద పడతాంటే నోరెళ్లబెట్టినాడు. ఆ ఇంట్లో బోరు లేదు. అమ్మినాయనేమో "ఈడ యాడ గుచ్చినా నీళ్లేప్పా" అన్నాడు. అట్లాంటి ఇల్లు వదిలి ఆ మనిషి ఎందుకు పోతాండాడో అడగాలని ఎవురికీ తోచలా.

బోరుకని కొంచెం దుడ్డు పక్కన పెట్టుకున్నారు. అప్పుడు దిగబడినాడు మా పెదనాయన...

"ఏమప్పా, కొత్తింట్లో దిగి పొట్టేలు కొయ్యవా? బంధువులకు బొరుగులు పెట్టి పంపుతావా?"

"ముందు బోరు ఏపిచ్చు" అని అమ్మ మొత్తుకుంది.

"బోరు యాడికి పోతాది? పొట్టేలు కొయ్యకపోతే నలుగురూ నవ్వరూ?" అన్నాడు నాయన.

అద్దిల్లు ఖాళీ చేసే పొద్దు అమ్మ సుబ్బమ్మత్తతో "ఇంక నీ వాకిలి తొక్కను" అని చెప్పి, ఖాళీ బిందె చంకనేసుకుని వచ్చేసింది. ఆ నడక నాకిప్పటికీ కండ్లకు కట్టినట్లు ఉండాది...

పొట్టేలు కోసినారు. బోరు దుడ్డంతా విస్తర్ల మీదే అయిపోయింది. పెదనాయన మూలుగ బొక్క మళ్లీ మళ్లీ అడిగి వేయించుకుని, పులుసు పలచగా ఉందని వంక కూడా పెట్టినాడు. ఆయన నోట్లో మన్నుబడ!

ఇంక అమ్మ గొలుసు తాకట్టు పెట్టి బోరు బండి పిలిపించినారు. నీళ్లు యాడుండాయో చెప్పే ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగి, "ఈడనే" అన్నాడు. పొద్దంతా రొద... దుమ్ము... తడి మాత్రం లేదు.

"ఇంకొంచెం లోతుకు పో అన్నా" అన్నాడు నాయన.

"దుడ్డుండాదా?" అన్నాడు బండాయన.

లేదు. బండి పోయింది. కొత్తగా సున్నం కొట్టిన గోడల నిండా బూడిద రంగు రాతిపొడి. అమ్మ చీపురుతో దులుపుతానే ఉంది. కడగడానికి నీళ్లేవీ?

మర్నాడు పొద్దున్నే అమ్మ నన్ను ఎంటబెట్టుకుని, అదే బిందెతో సుబ్బమ్మత్త వాకిట్లో నిలబడింది. అత్త మమ్మల్ని చూసి కొళాయి తాళం తీసింది. ముందు వాకిలి కడిగింది. తర్వాత బర్రెను కడిగింది. తర్వాత మల్లెచెట్టు పాది నిండి పొర్లిపోయేదాకా నీళ్లు పెట్టింది. మేం నిలబడే ఉన్నాం. ఆఖర్న మా బిందె కొళాయి కింద పెట్టి, "సొంతిల్లు బాగుండాదా పద్మా?" అంది అమ్మతో.

అమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి నాయనను తిట్టింది చూడండీ... అవి ఈడ రాసే మాటలు కావు.

మొన్న ఎండాకాలం సుబ్బమ్మత్త వీధిలో బోర్లన్నీ ఎండిపోయి, కొళాయిలు కూడా ఆగిపోయినాయి. మా వీధికి మటుకు ఇప్పుడు మున్సిపాలిటీ ట్యాంకు నీళ్లు కొళాయిల్లో వస్తాండాయి. ఆ ముసలామె బిందె పట్టుకుని, రొప్పుతా మా వాకిట్లోకి వచ్చింది. "రా అత్తా, కూర్చో" అన్నాను నేను. అమ్మ పైపు తీసుకుని వాకిలి కడగడం మొదలుపెట్టింది. కడిగిన బండలే మళ్లీ కడిగింది. నాయన అది చూసి లోపలికి పోయినాడు.

"అమ్మా... బిందె పట్టు" అన్నాను.

"నిలబడనీ" అంది.

కాలం శానా మారిందిలెండి. కొళాయిలకు తాళాలు పోయినాయి. మీ సొంతింటి లెక్కలో ఎవురూ చెప్పకుండా వచ్చి మీద పడిన ఖర్చేందో మీరూ చెప్పండి, విందాం... మా ఇంట్లో బర్రె లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే ఆ పొద్దు దాన్ని కూడా కడిగేది మా అమ్మ.