గొంతు కలిపితే చదువనుకున్నాం

మొన్న శనివారం మా కోడలు బడి నుంచి వచ్చి, మంచినీళ్లైనా తాగకుండా వంటింటి గుమ్మం దగ్గర కూలబడిపోయింది. పదిహేనేళ్లుగా చిన్నపిల్లలకి చదువు చెబుతున్న మనిషి, దేనికీ అంత త్వరగా చలించదు. కిందటి వారం అమలాపురంలో టీచర్లకి ట్రైనింగు పెట్టి, చెప్పిన పాఠం పిల్లలకి వచ్చిందో లేదో ఎలా కనిపెట్టాలో నేర్పారట. ఆ పద్ధతిలో ఒక్కొక్క పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి చూసిందట.

“ఎప్పుడూ పదికి పది తెచ్చుకునే పిల్లండి అత్తయ్యగారూ. అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే నా మొహం చూస్తూ ఉండిపోయింది. ఇంతకాలం నేను దిద్దిన పేపర్లన్నీ ఏమిటండీ మరి?” అంది.

ఇన్నేళ్ల తరవాత కూడా ఇదే మాట వినవలసి వస్తుందని నేననుకోలేదు. ఎందుకంటే ముప్పై ఏళ్ల కిందట ఆ పదికి పది పిల్లని నేనే.

నాకు నలభయ్యో ఏడు వచ్చేదాకా అక్షరం ముక్క రాదు. ఐనవిల్లి దగ్గర మా ఊళ్లో పొద్దున్న ఊడ్పులకో కలుపులకో వెళ్లి, మధ్యాహ్నం ఇంత తిని నడుం వాల్చడమే మా ఆడవాళ్లకి తెలిసిన జీవితం. అలాంటిదాన్ని పలక పట్టుకున్నానంటే మా అమ్మాయి కోసమే. అది రాజోలులో హాస్టల్లో ఉండి చదువుకునేది. నెలకొక నీలం ఇన్లాండు కవరు రాసేది. మా ఆయనకీ చదువు లేదు కాబట్టి, ఆ ఉత్తరం మా మరిది అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరి ముందూ చదివి వినిపించేవాడు. ఎప్పుడు చదివినా రెండు మాటలే, అమ్మాయి క్షేమం, బాగా చదువుకుంటోంది. కవరు నిండా రాసిన రాత రెండు మాటల్లో ఎలా అయిపోతుందో నాకు అర్థమయ్యేది కాదు. నా కూతురు నాకు రాసిన ఉత్తరం నా అంతట నేను చదువుకోవాలని, అదొక్కటే నా కోరిక.

అలాంటి రోజుల్లోనే ఆడవాళ్లకి మధ్యాహ్నంపూట చదువు చెబుతారని కబురు వచ్చింది. ఒక రైతుగారి కొబ్బరికాయల కొట్టు ఖాళీగా ఉంటే అందులో చాపలు పరిచారు. పంతులమ్మగారు మా ఊరికి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి, నా వయసులో సగం ఉంటుంది, నన్ను పిన్నిగారూ అని పిలిచేది. మొదటి రోజు మా అందరికీ సిగ్గు. ఆవిడ ఒక వాక్యం చదివి మమ్మల్ని అనమంటే ఎవరికీ నోరు పెగల్లేదు. అప్పుడు నేను గొంతెత్తాను.

నాట్లు వేసిన చేతులున్న మా తరంవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. మడిలో ఒక మనిషి పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు, పాట తెగనంతసేపూ నడుం నొప్పి తెలియదు. మా జట్టులో ఎత్తుకునేదాన్ని నేనే. పుస్తకంలో పాఠాన్ని కూడా మేము అలాగే చేశాం. బొమ్మ చూడగానే వాక్యం నా నోట్లోకి వచ్చేది, నేను ఎత్తుకుంటే పాతికమందీ అందుకునేవాళ్లు, కొట్టు మారుమోగిపోయేది. నాలుగు నెలల్లో మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఒక్క మాట తప్పకుండా చదివేశాం. వేసవిలో పరీక్ష చెయ్యడానికి పైనుంచి వచ్చిన ఆఫీసరుగారు మా చదువు విని తల ఆడించి, అందరికీ చదువు వచ్చినట్టు రాసుకుని వెళ్లారు. పంతులమ్మగారు ఆనందంతో నా చేతులు పట్టుకున్నారు.

ఆ రోజు ఇంటికి వెళ్లి ట్రంకుపెట్టెలో దాచిన ఉత్తరం ఒకటి తీశాను. ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. అచ్చు అక్షరం వేరు, చేతి రాత వేరు కాబోలు అని సర్దుకున్నాను. మోసం చేస్తున్నానని నాకు తెలియదు. చదవడమంటే అంతేననుకున్నాను.

ఆ వేసవిలోనే మా అమ్మాయి పదో తరగతి తప్పింది. బాగా చదువుతోందని అన్ని నెలలు విన్న చెవులతో ఆ మాట వినలేకపోయాను. తిట్టాను, ఒక దెబ్బ కూడా వేశాను. అది ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తొలకరికి నాతోపాటు ఊడ్పులకి తీసుకుపోయాను.

వానాకాలంలో పంతులమ్మగారిని అమలాపురానికి ట్రైనింగుకి పిలిచారు. ఐదు రోజులుండి వచ్చి, ఆవిడ మా పుస్తకంలోని వాక్యాలు చీటీల మీద రాసి, బొమ్మ లేకుండా, తలా ఒక చీటీ ఇచ్చి, ఒక్కొక్కరినే దగ్గరికి పిలిచారు. ముందు నేనే వెళ్లాను. చీటీ చూసి గుక్క తిప్పుకోకుండా మొదటి పాఠం చదివేశాను. ఆవిడ రెండో చీటీ ఇచ్చారు. రెండో పాఠం చదివాను. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ రెండు చీటీల్లోనూ ఉన్నది ఒకే వాక్యమట, అదీ చివరి పాఠంలోదట.

తరవాత వెళ్లినవాళ్లందరిదీ ఇదే వరస. ఆఖరున కాలవ అవతలి నుంచి వచ్చే ఒకావిడ మిగిలింది, ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్లం. చేపలు పట్టుకునే ఇంటి మనిషి, పాటల్లో గొంతు కలపదు, మూల కూర్చుని పలక మీద గీసుకునేది. “దాన్నేం అడుగుతారండీ, నోరే లేదు దానికి” అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ వదిన చీటీ మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం తడుముకుంటూ, చెమటలు కక్కుతూ, ఉన్నది ఉన్నట్టు చదివింది.

నేను లేచి వెళ్లిపోబోయాను. పంతులమ్మగారు నా కొంగు పట్టుకుని ఆపి, “మీ తప్పేం లేదు పిన్నిగారూ. మీ పాట విని చదువనుకున్నాను. నాకే వినడం రాలేదండి” అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మర్నాడు ఆఫీసుకి వెళ్లి, అందరికీ చదువు వచ్చిందని రాసుకున్నది తప్పని చెప్పుకుంటే, అయిపోయినదాన్ని ఎందుకు కదుపుతావమ్మా అని పంపేశారట. ఆవిడ తిరిగి వచ్చి మళ్లీ అ ఆల దగ్గర మొదలుపెట్టారు. రోజూ ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ ఆగిపోతున్నామో చూసి, అక్కడినుంచి చెప్పేవారు. నా పక్కన ఆ వదినని కూర్చోబెట్టారు. “ఎత్తుకోకు వదినా, చూడు” అని నా మోచెయ్యి పొడిచేది.

కోతల నాటికి నాకు నిజంగా చదవడం వచ్చింది. ఎవరూ లేనప్పుడు ట్రంకుపెట్టె తెరిచాను. మొదటి ఉత్తరం చదవడానికి ఒక పూట పట్టింది.

‘అమ్మా, ఇక్కడ లెక్కలు నాకు ఏమీ తెలియడం లేదు. అర్థమైందా అని అడిగితే అందరూ ఆయ్ అంటారు. నేను కూడా అంటున్నాను. నువ్వు ఒకసారి వచ్చి మాస్టారితో చెప్పు.’

తరవాతి ఉత్తరంలోనూ అదే. దాని తరవాతదీ అంతే. తొమ్మిది ఉత్తరాల్లో నా కూతురు నన్ను రమ్మని పిలిచింది. ఆ పిలుపు నా పెట్టెలో నా చీరల కిందే ఉంది. మరిదిని అడిగితే, “నువ్వు బెంగ పెట్టుకుంటావని చదవలేదు వదినా. అయినా అర్థం కాకపోతే కూర్చుని చదువుకోవాలి గానీ, అమ్మకి రాస్తే ఏమొస్తుంది?” అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అందుకే నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

అమ్మాయినీ ఉత్తరాలనీ తీసుకుని పంతులమ్మగారి ఇంటికి వెళ్లాను. ఆవిడ దాన్ని తప్పిన పరీక్ష గురించి అడగలేదు. వెనక్కి వెనక్కి అడుగుతూ వెళితే, అది ఆరో తరగతి భిన్నాల దగ్గరే ఆగిపోయిందని తేలింది. నాలుగేళ్లుగా ఎవరికీ తెలియలేదు. అక్కడినుంచి చెప్పించుకుని మరుసటి ఏడు పాసైంది. ఇప్పుడు మండపేటలో కాపురం, ఇద్దరు పిల్లలు.

ఇప్పటి బడుల్లో పిల్లల మార్కులు సాయంత్రానికల్లా తల్లిదండ్రుల ఫోనులోకి వచ్చేస్తున్నాయి. మా కోడలు ఆ మార్కులు పంపే తన ఫోను పక్కన పెట్టి, నిన్నటినుంచి ఆ పిల్లని మళ్లీ కూడికల దగ్గర కూర్చోబెట్టింది. నేను మాత్రం అప్పుడప్పుడు ఆ తొమ్మిది ఉత్తరాలే తీసి చదువుకుంటూ ఉంటాను. నాకు చదవడం వచ్చాక మా అమ్మాయి ఇంటి దగ్గరే ఉంది, ఆ తరవాత ఫోన్లు వచ్చాయి. అది రోజూ ఫోను చేసి బాగున్నానమ్మా అంటుంది, నేను ఆయ్ అంటాను. నాకు చదవడం వచ్చిన తరవాత, నాకంటూ ఒక్క ఉత్తరం కూడా రాలేదు.